బందరు రేవులోని పాత వర్తకగృహము - పలనాటి మూటలు



చంద్రవంక యొడ్డున, చెన్నకేశవస్వామి సన్నిధిని నెలకొన్న యీ మాచర్లయందు మన వైశ్యసంఘ వార్షిక మహాసభ జరుగు తరుణమున మాకు నాలుగు మాటలు విన్నవించుకొను నవకాశ మొసంగిన యాహ్వానసంఘమువారికి ముందుగా వందనము లర్పించుచున్నాము.

బందరు రేవునందలి పాత వర్తకగృహమును గూర్చి మాటాడ దలఁచితిమని చెప్పఁగా మిత్రులొకరు, "సముద్ర మెక్కడ, మాచర్ల యెక్కడ? ఆ గోడలతో మనకేమి పని?" అని యడిగిరి. ప్రశ్న సహేతుకమైనదే. మన మెఱిగిన నీరు చంద్రవంక, కృష్ణానది, ఎత్తిపోతల జలపాతము. ఉప్పుగాలి మనకు సోకదు. అయినను ఆ రేవులోని గిడ్డంగుల నింపిన సరకు సముద్రములో పుట్టినది కాదు. అది మన యూళ్లవంటి యూళ్లనుండి యెద్దుల వీపుపై నెక్కి పోయినది. కావున ఆ వర్తకగృహము చరిత్రలో సగము తీరమునను, సగము మెరకనాటను ఉన్నది. తీరపు సగమును పరదేశీయులు వ్రాసికొనిరి. మన సగమును మనము వ్రాసికొనలేదు. ఈ యొక్క మాట చెప్పుటకే నేఁడిచ్చట నిలిచితిమి.

మొదట ఆ వర్తకగృహము స్వరూపమును దెలిసికొందము. మచిలీపట్టణమును మనము బందరందుము. బందరనఁగా పారసీక భాషలో రేవు. గోలకొండ కుతుబుషాహీల రాజ్యమునకు తూర్పు సముద్రముపై నది ముఖద్వారము. అచ్చటికి 1605లో డచ్చివారు వచ్చి, మఱుసటి యేట సుల్తానుయొక్క ఫర్మానాను బడసి వర్తకస్థానమును నెలకొల్పిరి. 1611లో 'గ్లోబు' అను నోడలో ఆంగ్లేయుల యీస్టిండియా కంపెనీవారు వచ్చిరి. 1632లో సుల్తాను వారికి 'బంగారు ఫర్మానా' యను ప్రసిద్ధిగల శాసనము నొసఁగెను. ఏఁటికి 500 వరహాలు సుంకముగా చెల్లించి గోలకొండ రేవులందు వారు స్వేచ్ఛగా వర్తకము చేసికొనవచ్చునని దాని సారాంశము. 1669లో ఫ్రెంచివారును వచ్చి చేరిరి. నేఁటికిని ఆ పట్టణములో వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, ఫ్రెంచిపేట యని పేటలున్నవి. హాలండు దేశస్థుని మనవారు వలందు వాఁడనిరి. ఆ పేరే పేటకు నిలిచినది.

ఈ కంపెనీలవారి యిండ్లకు 'ఫ్యాక్టరీ' యని పేరు. ఆ మాట వినఁగానే పొగగొట్టమును, యంత్రములును మన కన్నులకు గట్టును. కాని యప్పటి ఫ్యాక్టరీలో యంత్రమొక్కటియు లేదు. కంపెనీ ప్రతినిధికి 'ఫ్యాక్టరు' అని పేరు. అతఁడుండు నిల్లు ఫ్యాక్టరీ. ఒకే ప్రాకారములోపల సరకు నిలువచేయు గిడ్డంగులు, లెక్కలు వ్రాయు గది, సొమ్ముపెట్టె, ఉద్యోగుల పడకగదులు, భోజనశాల యుండెడివి. మన గిడ్డంగి యను మాటకును ఆంగ్లములోని గొడౌను అను మాటకును చుట్టఱికము కలదని నిఘంటుకారులు కొందఱు చెప్పుదురు. ఆ చుట్టఱికము కలిసినది ఇటువంటి గోడల నడుమనే కావచ్చును.

ఆ యింటి వ్యాపారపద్ధతి యిట్టిది. మలయా, జావా, సుగంధద్వీపములయందు మిరియము, జాజికాయ, లవంగము కొనవలెనన్న అచ్చటివారు మన దేశపు వస్త్రములనే కోరెడివారు. ఆ వస్త్రములకొఱకు వెండి బంగారములు బందరులో దిగెడివి. కంపెనీ ప్రతినిధి మచ్చుతానును చూపి, యిట్టి పొడవు, ఇట్టి వెడల్పు, ఇట్టి యద్దకము గల తానులు ఇన్ని కావలెనని దేశీయ వర్తకునితో నొప్పందము చేసికొని ముందుగా సొమ్మిచ్చును. వర్తకుఁడా సొమ్మును నేఁతగాండ్రకు పంచును. నూలు వడుకుట, నేయుట, చలువచేయుట, చిరువేరుతో నెఱ్ఱరంగు నద్దుట యను పనులన్నియు ముగిసి సరకు గిడ్డంగికి చేరువఱకు నెలలు గడచును. అచ్చట తానులను మచ్చుతో సరిపోల్చి, తరగతులుగా నేర్పఱచి, మూటలు గట్టి, చిన్న పడవలపై దూరమున లంగరు వేసిన యోడలకు చేర్చెదరు. గాలివాటము తప్పినచో ఓడకు నొక యేఁడు వృథా. కావున వర్తకుఁడు చెప్పిన దినమునకు సరకు తెచ్చునా తేఁడా యనునదే ఆ గృహమునకు జీవన్మరణ సమస్య.

ఈ వర్తకు లెవరు? 1618 మొదలు 1622 వఱకు బందరునందు ఆంగ్లేయ కంపెనీ యుద్యోగిగా నుండిన విలియం మెథ్వోల్డు గోలకొండ రాజ్యమును గూర్చి యొక వృత్తాంతము వ్రాసెను. అది 1626లో అచ్చుపడినది. అందు కోమట్లను పేరుపెట్టి ప్రస్తావించెను. వారు తామైనను, తమ సేవకులచేతనైనను దేశములోపలి కేఁగి నేఁతగాండ్రయొద్ద వస్త్రములను, ఇతర సరకులను ప్రోగుచేసి, రేవుపట్టణములలో పరదేశ వర్తకులకు పెద్దమొత్తములుగా నమ్ముదురనియు, కొందఱు నాణెముల మార్పు వ్యాపారము చేయుదురనియు, నాణెము నెంచుటలో వారి నేర్పు మిక్కిలి గొప్పదనియు నాతని వ్రాఁతలవలన తెలియుచున్నది. నాలుగువందల యేండ్లనాఁడు పరదేశి యొకఁడు మన కులమును జూచి వ్రాసిన మాట లివి. కాని సభ్యులారా! ఆ పుటలలో కులము పేరు కలదు గాని మనుష్యుల పేర్లు లేవు. తాను చూచిన యా కోమట్ల తండ్రు లెవరో, ఊళ్లేవో అతఁడు చెప్పలేదు. చెప్పవలసినవారము మనము.

ఇఁక మన పలనాటి మాట. ఈ జిల్లాయందే, కృష్ణ కుడియొడ్డున కొల్లూరను గ్రామ ముండెడిది. అచ్చటి వజ్రపు గనులు లోకప్రసిద్ధములు. కోహినూరు వజ్ర మచ్చటిదే యని పెక్కుమంది నమ్మిక. మెథ్వోల్డు ఆ గనులను చూడఁబోయి, ముప్పదివేలమంది పనివారు ఉన్నారని యంచనా వేసెను. తరువాత వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుఁడు తావెర్నియే అఱువదివేలని వ్రాసెను. ఏ సంఖ్య నిజమైనను, అంతమందికి బియ్యము, ఉప్పు, పప్పు, బట్ట, నూనె చేర్చినవా రెవరు? వజ్రము దొరకినవానిపేరు కథలలో నుండును. గనిలో దిగినవానికి దినదినము ఉప్పు తూచి యిచ్చినవానిపేరు ఏ కథలోను లేదు. పలనాటినుండి వజ్రములు, తీరమునుండి ఉప్పు - ఈ రెండును ఎదురెదురుగా నడచిన త్రోవ యది. నేఁడా కొల్లూరు పులిచింతల జలాశయపు నీటిలో మునిఁగియున్నది.

ఈ త్రోవ కంపెనీలవా రేర్పఱచినదని యెవ్వరును దలఁపవలదు. మన మాచర్లకు సమీపముననే యున్న నాగార్జునకొండయందు క్రీస్తుశకము మూఁడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు పాలించిరి. వీరపురుషదత్తుని కాలమునాఁటి శాసన మొకటి యచ్చట దొరికినది. బోధిసిరి యను గృహపతికుటుంబపు స్త్రీ తాను చేయించిన ధర్మకార్యముల నందు చెక్కించినది. ఆ పట్టికలో కంటకసోలయందలి మహాచైత్యపు తూర్పువాకిట శిలామండపము గట్టించుటయు నొకటి. ఈ కంటకసోల బందరుకు సమీపమున నున్న ఘంటసాలయే యని పండితుల నిర్ణయము. గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుఁడు టాలెమీ దానినే వర్తకకేంద్రముగా పేర్కొనెను. అనఁగా పదునేడువందల యేండ్లకు పూర్వమే మన కొండలనడుమ శాసనము వ్రాయించిన యొక గృహస్థురాలికి సముద్రతీరపు వర్తకపట్టణము పరాయి యూరు కాదు. పురుషుల పేర్లే నిలువని చోట ఆమె పేరు నిలిచినది. ఎందువలన? వ్రాయించినది గనుక.

వ్రాఁతకును నమ్మకమునకును గల సంబంధమునకు మఱియొక దృష్టాంతము. 1244-45 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుఁడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకుముందు గాలివానకు పగిలి యొడ్డుకు కొట్టుకొని వచ్చిన యోడలలోని సరకును రాజులు సర్వము హరించెడివారు. ప్రాణమునకంటె మిన్నగా ధనమును కాచుకొను వర్తకునిపై దయచేత, నిర్ణీతమైన సుంకము తప్ప దేనిని పుచ్చుకొనమని గణపతిదేవుఁడు ప్రకటించెను. రేవునకు గోడలకంటె ముందు కావలసినది అభయము. అది నోటిమాటగా నున్న నాఁడు ఓడలు రావు. రాతిపై చెక్కిన నాఁడు వచ్చును.

ఇంతవఱకు మన గొప్పతనమును జెప్పితిమి. మహాసభలలో గొప్పలే చెప్పుట యాచారము. కాని చరిత్ర చెప్పఁబూనినవాఁడు త్రాసు ముల్లు ఒకవైపు మ్రొగ్గుచుండఁగా చేయి యడ్డుపెట్టరాదు. కంపెనీ ముందుసొమ్ము నేఁతగానికి చేరుటలో నడుమ మధ్యవర్తులుండిరి. ధర తగ్గిన నష్టము, తాను తిరస్కరింపఁబడిన నష్టము తఱుచుగా మగ్గము వెనుక కూర్చున్నవానికే దిగెడిది. ఋణము తీఱక మగ్గమునకు కట్టుపడిన కుటుంబములు పెక్కు. అంతకంటె ఘోరమైనది మఱియొకటి. కఱవుకాలములయందు ఈ కోరమాండల తీరమునుండి డచ్చివారు మనుష్యులను గూడ బానిసలుగా కొని యోడల కెక్కించిరి. అన్నములేక తన్ను తానమ్ముకొన్నవారు, బిడ్డల నమ్ముకొన్నవారు అందుండిరి. వస్త్రములు గట్టిన రేవులోనే యిదియు జరిగినది. ఆ వర్తకగృహమును తలఁచునపుడు దాని లాభపు పుటతో పాటు ఈ పుటను గూడ తెఱచి చదువుట మన ధర్మము.

ఆ గృహవైభవ మెట్లు క్షీణించినది? ఒక్క దెబ్బతో గాదు. ఆంగ్లేయులు 1639లో చెన్నపట్టణపు నేలను సంపాదించి, క్రమముగా తమ ముఖ్యస్థానము నచ్చటికి మార్చిరి. 1687లో గోలకొండ ఔరంగజేబునకు లోఁబడెను; సుల్తాను పోవఁగా రేవు వెనుక నున్న రాజధానియొక్క కొనుగోలు తగ్గినది. 1750లో బందరు ఫ్రెంచివారి వశమయ్యెను. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు రాత్రివేళ కోటపై బడి దానిని పట్టుకొనెను. వర్తకులుగా వచ్చినవారు పాలకులైరి. సరకు కొనువాఁడే పన్ను వేయువాఁడైన పిదప బేరమాడుట కేమి మిగులును? 1825లో డచ్చివారును తమ స్థానములను ఆంగ్లేయుల కప్పగించి వెడలిరి. పిమ్మట ఇంగ్లాండులో మరమగ్గముల బట్ట చౌకగా దయారై మన దేశముపై బడఁగా మన యద్దకపు తానులకు పరదేశములలో గిరాకి పోయెను. రేవు మేటవేసి పెద్దయోడలు తీరమునకు మైళ్లదూరమున నిలువవలసివచ్చెను.

తుదకు 1864 నవంబరు 1వ తేది రాత్రి పెనుగాలివానయు, సముద్రపు టుప్పెనయు బందరుపై బడినవి. పట్టణమునను, చుట్టుప్రక్కలను కలిసి ముప్పదివేలమంది మరణించిరని నాఁటి లెక్క. గోడలకు కడపటి దెబ్బ యది. గిడ్డంగులలోని సరకేమైనదని యడిగినవారు లేరు. ఇంటిలోని మనుష్యు లేమైరని యడుగుటయే సరిపోయినది.

నేఁడు బందరుకోట యావరణమునకు పోయినవారికి పాత యాయుధశాలయు, గంటగోపురమును, శిథిలములైన గోడలును కనఁబడును. పట్టణములో డచ్చివారి సమాధులు కలవు. వానిపై కుటుంబ చిహ్నములు, పేర్లు, తేదీలు రాతిలో చెక్కఁబడియున్నవి. పరదేశమున మరణించినవాని పేరు మూఁడువందల యేండ్లకు పైగా నిలిచినది. వాని గిడ్డంగిని నింపినవాని పేరు వాని మనుమలకే తెలియదు. ఫ్రెంచిపేటయందలి ఫ్రెంచివారి చిన్న భాగము 1947లో భారతదేశమునకు చేరినది. అదే బందరులో 1923 నవంబరులో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. పరదేశి సొమ్ముపెట్టె యుండిన యూరిలో మనవారి సొమ్ముపెట్టె వెలసినది. ఆ బ్యాంకును 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. తొంబదియాఱేండ్లు ఇంటింట వినఁబడిన పేరు ఒక్కదినమున పలకలపైనుండి దిగినది. గట్టి సంస్థల పేర్లే యిట్లుండఁగా, మన బజారు దుకాణముల మాట వేఱే చెప్పనేల?

కావున ఇఁక మన మాచర్లకు వత్తము. కంపెనీవారి చరిత్ర నేఁడు మనకు తెలియుటకు కారణము వారి పరాక్రమము గాదు. వారి గుమాస్తాలు ప్రతిదినము జాబులు, లెక్కలు వ్రాసి, నకళ్లు తీసి, ఓడలలో పంపి భద్రపఱచిరి. అంతమాత్రమే. మనవారు వ్రాయలేదా? వ్రాసిరి. చిట్టా, ఆవర్జా వ్రాయని దుకాణ మున్నదా? దీపావళినాఁడు పుస్తకమునకు పసుపు కుంకుమ పెట్టి పూజించిన కులము మనది. కాని పూజించినది క్రొత్త పుస్తకమును. పాత పుస్తకము అటకపైకి పోయినది. అచ్చట చెదలు మిగిలిన పూజ చేసినవి. ఇల్లు పడఁగొట్టినపుడు దానిని తూకమున కమ్మితిమి.

ఆ పుస్తకములలో ఏమున్నదని యడుగుదురేమో. ఏ యేఁట మిరపకాయ ధర యెంత. ఏ యేఁట వానలు లేక రైతులు విత్తనపు గింజలకు సొమ్ము పుచ్చుకొనిరి. రైలుబండి వచ్చిన పిదప ఏ సరకు గుంటూరుకు పోయినది, ఏది వచ్చినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన పిదప పనివారితో మన బజారు ఎట్లు మాఱినది. కాలువనీరు పాఱిన పొలమువాఁడు ఏమి కొనఁజొచ్చెను - ఇవి యన్నియు ఏ ప్రభుత్వపు దస్త్రములోను ఇంత సన్నముగా దొరకవు. ఇవి మన కులచరిత్రయే గాదు. మనయొద్ద కొన్నవారందఱి చరిత్ర.

పెద్దలు కొందఱు ఒక సందేహము వెలిబుచ్చుచుందురు: "ఆ పుస్తకములలో ఎవరెవరి యప్పులో యున్నవి. బయటపెట్టిన పరువు పోవును. మన వడ్డీల మాటయు బయటపడును." ఈ సందేహము నెగఁదోయరాదు. అప్పుపడినవాని పేరును వీథిలో చదువుట అధర్మము. పేర్లను కప్పి లెక్కలను భద్రపఱుపవచ్చును. ఇఁక వడ్డీల మాట. మన పూర్వులు న్యాయముగా నడచినచోట ఆ పుటయే సాక్ష్యము. అన్యాయముగా నడచినచోట ఆ పుటయే మనకు బుద్ధి. రెండింటికిని చెదలే సమాధాన మనుట వర్తకుని మాట గాదు.

పాతదానిని కాచుట సాధ్యమా యందురా? మన కన్నులయెదుటనే నిదర్శన మున్నది. సాగరపు నీరు నాగార్జునకొండ లోయను ముంచనున్న కాలమున ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా విప్పి, కొండమీఁదను, అనుపునందును మరల నిలిపిరి. లోయ మునిఁగినది, వ్రాఁత మునుఁగలేదు. బోధిసిరి పేరు నీటిపాలు కాలేదు. కొల్లూరువిషయమున అట్టి భాగ్యము కలుగలేదు. ఒకే నది, ఒకే నాడు. శ్రద్ధ యున్నచోట నొకటి నిలిచినది. లేనిచోట నొకటి పోయినది.

అందువలన ఈ మహాసభకు మూఁడు మనవులు చేయుచున్నాము. మొదటిది: ప్రతి యూరి శాఖాసంఘమువారును ఈ సంవత్సరములో తమ యూరిలోని పాత చిట్టాలు, ఆవర్జాలు, ఒప్పందపు కాగితములు ఎవరెవరియింట నున్నవో పట్టిక వ్రాయవలెను. సొంతదారులయొద్ద నుండి పుస్తకములు తీసికొననక్కఱలేదు. పుటలకు ఛాయాచిత్రములు తీసి యిచ్చిన చాలును. రెండవది: పాత దుకాణమును గాని, గిడ్డంగిని గాని పడఁగొట్టఁదలఁచినవారు ఒక్కమాట సంఘమునకు తెలియఁజేసినచో, పడఁగొట్టుటకు ముందే దాని కొలతలు, చిత్రములు తీసి యుంచవచ్చును. క్రొత్తయిల్లు కట్టుకొనవలదని మేమనము. పాతయిల్లు ఎట్లుండెనో చెప్పలేని స్థితి రావలదని మాత్ర మందుము. మూఁడవది: ఎనుబదేండ్లు దాఁటిన పెద్దలయొద్ద మన విద్యార్థులు కూర్చుండి వారు చెప్పినది వ్రాసికొనవలెను. ఆ వ్రాఁతలలో మన దుకాణములలో మూటలు మోసిన హమాలీలు, తూఁచిన కాటాదారులు, బండ్లు తోలినవారు - వారి పేర్లును ఉండవలెను. మెథ్వోల్డు మన పూర్వుల పేర్లు వ్రాయలేదని నొచ్చుకొను మనము, ఇతరులవిషయమున ఆ తప్పునే చేయరాదు గదా!

బందరున క్రొత్త యోడరేవు నిర్మాణము 2023లో ప్రారంభమైనది. ఒకనాఁటికి పలనాటి మిరపకాయలు, ప్రత్తి మరల ఆ తీరమున నోడ నెక్కవచ్చును. ఎక్కవలెనని మా యాకాంక్ష. ఆ నాఁడు సరకు పంపినవాని పేరు, పండించినవాని పేరు, మోసినవాని పేరు మన పుస్తకములలో నుండుఁగాక! నాలుగువందల యేండ్ల పిదప మఱియొక సభలో మఱియొకరు నిలిచి, "వారెవరో తెలియదు" అని చెప్పవలసిన దుర్గతి కలుగకుండుఁగాక!